వృథా చేసినది ఎవరి హక్కు?

(షాబాన్ నెల చివరి జుమా ప్రసంగం, నందిపేట్)

సర్వస్తోత్రాలు సకల లోకాలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, వారి కుటుంబీకులపైన, వారి సహచరులందరిపైన అల్లాహ్ శాంతిని, శుభాలను కురిపించుగాక!

విశ్వాసులైన సోదరులారా! ఇళ్ళలో మైకు ద్వారా వింటున్న సోదరీమణులారా!

షాబాన్ నెల ముగింపుకు వచ్చింది. మరికొద్ది రోజుల్లో రంజాన్ నెలవంక మనకు దర్శనమిస్తుంది, ఇన్షా అల్లాహ్. ఆ వెనుక ఈద్, మరి రెండు నెలల పది రోజులకు బక్రీద్. ఈ నడుమ షవ్వాల్ నెలలో పెళ్ళిళ్ళు, వలీమాలు. మన సంవత్సరంలో ఆరాధనలూ ఆనందాలూ చేరువగా వచ్చే కాలమిది. విచారకరమైన విషయమేమిటంటే, మన ఇళ్ళనుండి, మన మస్జిదుల నుండి అధికంగా చెత్త బయటికి వెళ్ళే కాలం కూడా ఇదే. రంజాన్ ప్రవేశించకముందే ఈ విషయమై మనల్ని మనం ప్రశ్నించుకోవాలని ఈ రోజు మీ ముందు నిలబడ్డాము.

ముందుగా మా తప్పును మేము ఒప్పుకోవాలి. గత రంజాన్ మొదటి జుమానాడు ఇదే మింబరు మీద నుండి, ఇఫ్తార్‌కు ఎవరూ ఒట్టి చేతులతో రావద్దని మేమే ప్రకటించాము. ఉపవాసికి ఇఫ్తార్ చేయించినవారికి ఆ ఉపవాసి పొందేటంత పుణ్యం లభిస్తుందని, ఉపవాసి పుణ్యంలో ఏమీ తగ్గదని మహాప్రవక్త (సఅసం) ఇచ్చిన శుభవార్తను వినిపించాము. మీరు మా మాటను మన్నించారు. అల్లాహ్ మీకు ప్రతిఫలం ప్రసాదించుగాక! ఖర్జూరాలు వచ్చాయి, పుచ్చకాయలు, అరటిపండ్లు, పకోడీలు, దహీవడలు, హలీము, బిర్యానీ వచ్చాయి. వచ్చినవారి కంటే వచ్చిన వంటకాలు ఎక్కువయ్యాయి. అజాన్ అయిన కొద్ది నిమిషాల్లో జమాఅతు నిలబడాలి. సగం తిన్న పళ్ళేలు అక్కడే వదిలి అందరూ లేచారు.

మరునాడు ఉదయం మస్జిదు గేటు తెరిచేసరికి పంచాయతీ ట్రాక్టరు వచ్చి ఆగి ఉంది. రాత్రి మనం కట్టి బయట పెట్టిన సంచులను కుక్కలు చీల్చివేశాయి. అన్నం, పండ్ల ముక్కలు, ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు మోరీ దాకా చెల్లాచెదురై ఉన్నాయి. సఫాయి పని చేసే ఒక పెద్దమ్మ వంగి వాటిని చేతులతో ఎత్తుతూ ఉంది. మమ్మల్ని చూసి ఒకే మాట అడిగింది: "సాబ్, రేపు గూడ ఉంటదా దావత్?" ఆమె గొంతులో కోపం లేదు. రేపటి పని ఎంత ఉంటుందో లెక్క వేసుకుంటోంది, అంతే. మాకు మాత్రం నోట మాట రాలేదు. రాత్రి మేము పుణ్యం గురించి చెప్పాము. తెల్లవారి ఆ పుణ్యకార్యపు బరువును మోసింది ఆమె.

సోదరులారా! దివ్యఖుర్ఆన్‌లో దుబారా గురించి ప్రస్తావన వచ్చిన ఆయతులను ఆ రోజు మళ్ళీ తెరిచి చూశాము. మదర్సాలో చదువుకున్న రోజుల నుండి కంఠతా వచ్చిన ఆయతులే. అయినా వాటిలోని ఒక విషయం అప్పుడు కొత్తగా మనసును తాకింది. అదే ఈ నాటి ప్రసంగానికి మూలం.

బనీ ఇస్రాయీల్ సూరా 26, 27 ఆయతులను గమనించండి. దుబారా చేసేవారు షైతాను సోదరులని అల్లాహ్ హెచ్చరించిన చోటు అది. ఈ హెచ్చరికను మనం తరచుగా వింటాము. కానీ ఆ ఆయతు ఎలా మొదలవుతుందో గుర్తుచేసుకోము. బంధువుకు అతని హక్కును ఇవ్వమని, నిరుపేదకు, బాటసారికి వారి హక్కును ఇవ్వమని మొదట ఆజ్ఞాపించి, దానికి వెంటనే దుబారా చేయవద్దన్న మాటను అల్లాహ్ జోడించాడు.

ఇప్పుడు అల్ అన్ఆమ్ సూరా 141వ ఆయతును చూడండి. పందిళ్ళపై పాకే తోటలను, పాకని తోటలను, ఖర్జూరపు చెట్లను, రకరకాల పైర్లను, జైతూనును, దానిమ్మను సృష్టించినవాడు తానేనని అల్లాహ్ గుర్తుచేశాడు. అవి కాసినప్పుడు తినమన్నాడు. కోత రోజున దాని హక్కును చెల్లించమన్నాడు. ఆ వెంటనే మితిమీరవద్దని, మితిమీరేవారిని తాను ప్రేమించనని తెలియజేశాడు.

ఈ రెండు చోట్లా హక్కు చెల్లించడం, వృథా చేయకపోవడం పక్కపక్కనే వచ్చాయి. ఇందులో మనకు పెద్ద పాఠం ఉంది. మన దగ్గర వృథా అయిపోయిన వస్తువు సాధారణంగా ఎవరికో చెందవలసిన హక్కు. అది మన దస్తర్ఖాన్ మీదికి రావడం వల్ల మరొకరి దస్తర్ఖాన్ మీద లేకుండా పోయింది. అందుకే వృథాను కేవలం అపరిశుభ్రత అనుకుంటే సరిపోదు. అది హక్కుల విషయం. తోటి మనుషుల హక్కుల విషయమై ప్రళయదినాన ఎంత కఠినమైన లెక్క ఉంటుందో మీకు తెలియనిది కాదు.

పండితులు ఇక్కడ రెండు పదాల తేడాను వివరించారు. ఒకటి ఇస్రాఫ్, రెండవది తబ్జీర్. ధర్మసమ్మతమైన దానిలోనే హద్దు మీరితే అది ఇస్రాఫ్. ఖర్చు పెట్టకూడని చోట ఖర్చు పెడితే అది తబ్జీర్. అన్నం హలాల్, పండు హలాల్, బిర్యానీ హలాల్. అయినా అవసరానికి మించి వండి మోరీలో పారబోస్తే హలాల్ వస్తువుతోనే మనం పాపం మూటగట్టుకున్నట్లు. అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో అల్లాహ్ ఆదము సంతతినంతటినీ సంబోధించి, ఆరాధనా సమయాల్లో అలంకరించుకోమని, తినమని, త్రాగమని అనుమతించాడు. అదే ఆయతులో మితిమీరవద్దని గిరి గీశాడు. పండుగ వద్దని అనలేదు, రుచి వద్దని అనలేదు. హద్దు తెలుసుకోమన్నాడు.

పసుపు రైతుకు తెలిసిన పాఠం

హద్దు ఏమిటో, వృథా ఏమిటో మన నందిపేట్, ఆర్మూరు ప్రాంతపు వారికి ఒకరు నేర్పనక్కరలేదు. ఈ ఏడు రంజాన్ కూడా పసుపు తవ్వకాల రోజుల్లోనే వస్తున్నది. తొలకరి వానలకు విత్తనం నాటితే ఎనిమిది, తొమ్మిది నెలలకు పంట చేతికి వస్తుంది. తవ్వాలి, ఏరాలి, కొమ్మును, గోళను వేరు చేయాలి. ఉడకబెట్టాలి. పది, పదిహేను రోజులు కల్లంలో ఎండబెట్టాలి. డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టాలి. అయిదు కిలోల పచ్చి పసుపు ఎండితే సుమారు ఒక కిలో మిగులుతుంది. ఇంత కష్టపడ్డవాడు నేలరాలిన ముక్కను కాలితో తొక్కి పోతాడా? చీపురుతో ఊడ్చి పోగుచేస్తాడు. ఆ చూరకు కూడా మార్కెట్లో ఒక ధర ఉంది.

చూర ముక్కను ఏరుకునే ఆ చేతికి, ఇఫ్తార్ పళ్ళెంలో సగం అన్నం వదిలి లేచే చేతికి మధ్య తేడా ఎక్కడ వచ్చింది? ఒకటి మన చెమట, మరొకటి ఎవరో తెచ్చిపెట్టిన తిండి. తేడా అంతే. కానీ ఆ అన్నం వెనుక కూడా ఒక రైతు ఉన్నాడు. కిలో వడ్లు పండడానికి దాదాపు రెండున్నర వేల లీటర్ల నీరు కావాలని వ్యవసాయ శాస్త్రవేత్తల అంచనా. 1963లో పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ జలాశయపు నీళ్ళు మన మండలపు అంచుల దాకా వచ్చి నిలుస్తాయి. గోదావరి నిండితే మన ముఖాలు వెలుగుతాయి, ఎండితే వాన కొరకు ప్రత్యేక నమాజుకు ఊరి బయట సమావేశమవుతాము. అన్నం పారబోసినవాడు ఆ నీటిని కూడా పారబోశాడు. వండిన ఇల్లాలి శ్రమను, పొయ్యిలో మండిన గ్యాసును పారబోశాడు. మన జిల్లాలో ఎన్నో ఇళ్ళలో ఆ బియ్యం కొన్నది గల్ఫ్ దేశాల ఎండలో పనిచేసే కొడుకు పంపిన డబ్బుతో. ఆ కొడుకు చెమటను కూడా పారబోశాడు.

ప్రపంచమంతటా ఇదే జబ్బు. 2022వ సంవత్సరంలో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక తెలిపింది. వినియోగదారుల దాకా వచ్చిన ఆహారంలో అది దాదాపు అయిదో వంతు. అందులో 60 శాతం హోటళ్ళలోనో దుకాణాలలోనో కాదు, ఇళ్ళలోనే వృథా అయింది. అదే కాలంలో 78 కోట్ల మందికి పైగా ఆకలితో ఉన్నారు. పారేసిన ఆహారం కుళ్ళి విషవాయువులను వదులుతుంది. భూమి వేడెక్కడానికి కారణమవుతున్న వాయువులలో నూటికి 8 నుండి 10 పాళ్ళు ఆహార నష్టం, వృథాల వల్లనే వస్తున్నాయని లెక్కకట్టారు. వేళకు రాని వానతో, వడగండ్లతో నష్టపోయేది మళ్ళీ మన కల్లమే.

ఉదారత, పిసినారితనం, మధ్యేమార్గం

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పండుగనాడు కూడా గింజలు లెక్కపెట్టాలా? అతిథికి కొలిచి వడ్డించడం పిసినారితనం కాదా?

ఈ ప్రశ్న మాకు నేరుగా ఎదురైంది. ఆ పెద్దమ్మ మాట విన్న తరువాత, గత రంజాన్ చివరి పది రోజులకు మేము ఒక పద్ధతి పెట్టాము. ఏ రోజు ఏ ఇంటినుండి ఏమి వస్తుందో ఒక బోర్డుపై రాసి, మిగతావారు తేవద్దని కోరాము. ఒక సోదరుడు మనసు కష్టపెట్టుకున్నాడు. "మా ఇంటి బిర్యానీ వద్దంటారా, మౌలానా?" అని అడిగి, రెండు రోజులు మస్జిదుకు రావడం మానేశాడు. మేము అతని ఇంటికి వెళ్ళాము. అప్పుడు తెలిసింది, మరణించిన తన తల్లికి పుణ్యం చేరాలన్న సంకల్పంతో ఇరవై ఏళ్ళుగా రంజాన్‌లో ఆ డేక్షాను అతను మస్జిదుకు పంపుతున్నాడని. మేము కాదన్నది ఒక వంటకాన్ని అనుకున్నాము. నిజానికి ఒక కొడుకు ప్రేమను కాదన్నాము. అతనికి క్షమాపణ చెప్పుకున్నాము.

అతని ఇంట్లో కూర్చుని ఆలోచిస్తుండగా మార్గం అల్లాహ్‌యే చూపాడు. ఊరి బయట కల్లాల దగ్గర పసుపు ఉడకబెట్టే కూలీలు ఉన్నారు. పొయ్యి ఆర్పి మగ్‌రిబ్ వేళకు ఊళ్ళోకి రావడం వారికి కుదరదు. వారిలో ఉపవాసులున్నారు, ఉపవాసులు కానివారున్నారు, ఇస్లాం ధర్మానికి చెందనివారూ ఉన్నారు. ఆ సాయంత్రం డేక్షాను మస్జిదుకు తీసుకురాకుండా నేరుగా కల్లానికి తీసుకువెళ్ళాము. అందరూ తిన్నారు. డేక్షా ఖాళీగా తిరిగి వచ్చింది. ఆ సోదరుని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన తల్లి పేరు మీద పంపిన అన్నం సంచిలో చేరలేదు, ఆకలిగా ఉన్న కడుపులో చేరింది.

ఆ రోజు మాకు అర్థమైంది. మన ఊరిలో కొరత ఉదారతకు లేదు. ఉదారత తప్పు చోట కుప్పపడుతోంది. అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతులో కరుణామయుని దాసుల లక్షణాన్ని అల్లాహ్ వర్ణించాడు. వారు ఖర్చు పెట్టేటప్పుడు దుబారా చేయరు, లోభత్వమూ చూపరు, ఆ రెంటి నడుమ నిలకడగా ఉంటారు. ఇద్దరి భోజనం ముగ్గురికి, ముగ్గురి భోజనం నలుగురికి సరిపోతుందని మహాప్రవక్త (సఅసం) బోధించారు. అంటే మనిషి పెరిగితే వంట పెంచాలన్న ఆదుర్దా అవసరం లేదు. పంచుకుంటే బర్కతు ఉంది. కిందపడ్డ ముద్దను సైతం శుభ్రం చేసి తినమని, దానిని షైతానుకు వదలవద్దని, ఆహారంలో ఏ భాగంలో శుభం ఉందో మనకు తెలియదని వారు నేర్పారు. మనం మోరీలో వేసిన ఆ సగం పళ్ళెంలోనే మన ఇంటి శుభం ఉండి ఉండవచ్చు కదా!

ఇంకొక సంగతి. మిగిలినదాన్ని పంచడం మంచిదే, కానీ దానం యొక్క మర్యాద అది కాదు. మీకు ప్రియమైన దానినుండి ఖర్చు పెట్టనంతవరకూ మీరు పుణ్యస్థాయిని అందుకోలేరని ఆలి ఇమ్రాన్ సూరా 92వ ఆయతు తెలుపుతున్నది. కనుక పేదవాని భాగాన్ని తినకముందే తీసి పెట్టండి, వేడిగా పంపండి. మార్చి నెల ఎండల్లో వండిన ఆహారం త్వరగా పాడవుతుంది. బయట రెండు గంటలకు మించి ఉంచిన వంటకాన్ని ఇతరులకు పెట్టడం వారి ఆరోగ్యంతో ఆడుకోవడమే. మనం తినడానికి సందేహించే దానిని పేదవానికి ఇచ్చి పుణ్యం ఆశించవచ్చా?

పళ్ళేలు, నీళ్ళు, మోరీలు

వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ మన దేశంలో 2022 జూలై 1 నుండి నిషిద్ధం. తయారు చేయడం, అమ్మడం, వాడడం అన్నీ ఆ నిషేధం కిందికి వస్తాయి. పాలనా నియమం ప్రజలకు మేలు చేసేది, ధర్మానికి విరుద్ధం కానిది అయినప్పుడు దానిని పాటించడం ముస్లిముకు బాధ్యత. మరి మస్జిదు గుమ్మంలోనే దానిని ఉల్లంఘిస్తే మన పిల్లలకు ఏమి నేర్పినట్లు?

కడగడానికి మనుషులు ఎక్కడున్నారని మీరడుగుతారు. సరైన ప్రశ్న. పండుగ ఖర్చు తగ్గించమని ఉపన్యసించడం తేలిక; ఆ భారమంతా ఆడవారి మీద పడుతుందని మనకు తోచదు. సహరీకి అందరికంటే ముందు లేచేదీ, ఇఫ్తార్‌కు అందరికంటే చివర కూర్చునేదీ ఇల్లాలే. మహాప్రవక్త (సఅసం) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో నిమగ్నులై ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయెషా (రజి) తెలిపారు. కనుక మస్జిదులో తిన్న పళ్ళేన్ని తిన్నవారే కడుగుతారు. మేము మా పళ్ళెంతో మొదలుపెడతాము. స్టీలు పళ్ళేలు చాలనప్పుడు మోదుగాకు విస్తళ్ళు ఉన్నాయి. మన తాతల పెళ్ళిళ్ళు వాటి మీదనే జరిగాయి. అవి మట్టిలో కలిసిపోతాయి, కుట్టినవారికి నాలుగు రూపాయలు వస్తాయి.

నీటి సంగతి. మహాప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని, ఒక సా నుండి అయిదు ముద్‌ల వరకు నీటితో స్నానం చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ముద్ అంటే దోసెడు, సా అంటే నాలుగు ముద్‌లు. అంటే దోసెడు నీటితో వుజూ! మన హౌజు దగ్గర నల్లా తిప్పి, చొక్కా చేతులు మడుచుకుంటూ, పక్కవారితో మాట్లాడుతూ ఎన్ని దోసెళ్ళు వదులుతున్నామో ఈ రోజే గమనించండి. రంజాన్‌లో నమాజీలు పెరుగుతారు, నీటి వాడకమూ పెరుగుతుంది.

దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని హదీసు. జనం నడిచే దారిని, నీడనిచ్చే చోటును, నీటి వనరును మలినం చేయడం శాపానికి కారణమని మరొక హదీసు హెచ్చరిస్తున్నది. తొలగించడం విశ్వాసమైతే, ఆ హానిని తెచ్చి దారిలో వేయడాన్ని ఏమనాలి? ఇతరుల పండుగల తరువాత చెరువు ఎలా ఉందో లెక్కించడం మన పని కాదు. మన పండుగ తరువాత మన గల్లీ ఎలా ఉందన్నదే మనల్ని అడుగుతారు.

ఖుర్బానీ చేసేవారికి

బక్రీద్ గురించి ఇప్పుడే చెబుతున్నాము, ఎందుకంటే ఏర్పాటుకు సమయం కావాలి. ఖుర్బానీ జంతువుల మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌కు చేరవని, మీ భయభక్తులే ఆయనకు చేరతాయని అల్ హజ్ సూరా 37వ ఆయతు తెలుపుతున్నది. ఆ భయభక్తులకు ఒక గుర్తు ఏమిటంటే, మన ఆరాధన వల్ల పొరుగువారికి ముక్కు మూసుకునే పరిస్థితి రాకపోవడం. వీడ్కోలు హజ్ సందర్భంగా ఖుర్బానీ చేసిన ఒంటెల మాంసాన్నే కాక వాటి తోళ్ళను, వాటిపై కప్పిన వస్త్రాలను కూడా దానం చేయమని, కోసినవానికి కూలిగా వాటినుండి ఏమీ ఇవ్వవద్దని మహాప్రవక్త (సఅసం) హజ్రత్ అలీ (రజి)ని ఆదేశించారు. జంతువు మీద కప్పిన గుడ్డకు కూడా లెక్క ఉంది చూడండి!

మరొక సందర్భంలో హజ్రత్ మైమూనా (రజి) గారి సేవకురాలికి దానంగా వచ్చిన గొర్రె చచ్చి పడి ఉండగా, దాని తోలును ఎందుకు ఉపయోగించుకోలేదని వారు అడిగారు. అది చచ్చినది కదా అంటే, దానిని తినడం మాత్రమే నిషిద్ధమని సెలవిచ్చారు. ఒకప్పుడు ఖుర్బానీ తోళ్ళ ఆదాయం మదర్సా పిల్లల అన్నానికి ఆసరాగా ఉండేది. కొన్నేళ్ళుగా ధర పడిపోయి, తోళ్ళు కుప్పల మీద కుళ్ళుతున్నాయి. ధర తగ్గిందని తోలు హక్కు తగ్గదు. కోసిన వెంటనే శుభ్రం చేసి ఉప్పు పట్టించి ఒకచోట చేరిస్తే, వచ్చిందెంతైనా పేద విద్యార్థికే చేరుతుంది. ప్రేగులు, పొట్టలోని మేత, రక్తం మోరీలోకి పోకూడదు. హైదరాబాదులో బక్రీద్‌కు ముందు నగరపాలక సంస్థ వ్యర్థాల కోసం సంచులు పంచుతుంది. మన ఊరిలో ఆ పని మనమే చేసుకోవాలి. పొలం ఉన్న సోదరులు ముందుగానే లోతైన గుంట తవ్వించి, పైన మట్టి కప్పితే అది ఎరువవుతుంది. పంచాయతీ వారితో మాట్లాడి ట్రాక్టరు వేళను ముందే తెలుసుకుందాము.

ఈ రంజాన్ నుండి

సోదరులారా! విని లేచిపోతే ఈ ప్రసంగం కూడా వృథాయే. కనుక మస్జిదు కమిటీ పెద్దలతో మాట్లాడి నిర్ణయించిన విషయాలను మీ ముందు ఉంచుతున్నాము.

ఇఫ్తార్ బోర్డు మొదటి రోజు నుండే ఉంటుంది. దస్తర్ఖాన్ మీద ఖర్జూరం, నీళ్ళు, ఒక పండు, ఒక వండిన పదార్థం. అంతకు మించి తేదలచినవారు ముందు రోజే చెప్పాలి. వారి డేక్షా కల్లాలకు, ఒంటరి ముసలివారి ఇళ్ళకు, బస్టాండులో ఉండేవారికి వెళుతుంది. తీసుకువెళ్ళడానికి యువకులు పేర్లు ఇచ్చారు. ఎవరి ప్రేమనూ ఈసారి తిప్పి పంపము.

ప్లాస్టిక్ పళ్ళెం, గ్లాసు మస్జిదు గేటు దాటి లోపలికి రావు. ఎవరి గ్లాసు వారు ఇంటినుండి తెచ్చుకోండి.

తడి చెత్త, పొడి చెత్త వేరువేరు డబ్బాలలో మూత వేసి ఉంటాయి. తొక్కలు, గింజలు మస్జిదు వెనుక గుంటలో ఎరువవుతాయి.

ఈద్ బట్టల విషయంలో ఒక మనవి. ఉన్నవాటిలో మంచివి ధరించడం సున్నత్. ఒకరికి మూడు జతలు కొనాలన్న నియమం ఎక్కడా లేదు. ఆ రెండు జతల డబ్బుతో మరో ఇంటి పిల్లలకు ఈద్ వస్తుంది. ఫిత్రా దానాన్ని ఈద్ నమాజుకు ముందే ఇవ్వండి. ఉపవాసంలో దొర్లిన పొరపాట్లను అది కడుగుతుంది, పేదవారికి అన్నమవుతుంది. వలీమా చేసేవారు కూడా గుర్తుంచుకోవాలి: ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనాన్ని అన్నింటికంటే చెడ్డ భోజనంగా హదీసు పేర్కొన్నది.

చివరిగా ఆ పెద్దమ్మ విషయం. గొర్రెను కోయించినప్పుడు మన యూదు పొరుగువానికి పంపారా అని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంటివారిని మళ్ళీ మళ్ళీ అడిగారు. పొరుగువారి హక్కు గురించి జిబ్రయీల్ ఎంతగా నొక్కి చెప్పారంటే, పొరుగువారిని వారసులుగా చేస్తారేమోనని ప్రవక్త (సఅసం)కు అనిపించిందన్న విషయాన్ని వారు గుర్తుచేశారు. మన గల్లీ ఊడ్చేవారు మన పొరుగువారు కారా? ఈ రంజాన్‌లో మొదటి డేక్షా నుండి మొదటి భాగం, వారికి ఇష్టమైన పదార్థంగా, సఫాయి పనివారి ఇళ్ళకు వెళుతుంది. అది మిగిలినదై ఉండదు.

గత సంవత్సరం ఆమె అడిగిన ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోయాము. ఈ సంవత్సరం అడిగితే, అవునమ్మా, దావత్ ఉంది, అందులో నీకూ భాగముంది, నీకు పని మాత్రం పెరగదు అని చెప్పగలగాలి. అత్తకాసుర్ సూరా చివరి ఆయతు హెచ్చరించినట్లు, మనం పొందిన ప్రతి వరం గురించి ఆ రోజు తప్పక ప్రశ్నిస్తారు. అక్కడ జవాబు చెప్పవలసినవారు ఇక్కడే సాధన చేయాలి.

దుఆ చేద్దాము. ఓ అల్లాహ్! మమ్మల్ని రంజాన్ వరకు క్షేమంగా చేర్చు. మా ఉపవాసాలను, నమాజులను, దానాలను స్వీకరించు. నీవిచ్చిన అన్నాన్ని, నీళ్ళను గౌరవించే బుద్ధిని మాకు ప్రసాదించు. మా చేతుల వల్ల ఎవరి హక్కయినా వృథా అయి ఉంటే క్షమించు, దానిని తిరిగి చెల్లించే అవకాశమివ్వు. మా రైతుల కష్టానికి తగిన ఫలితమివ్వు. దూరదేశాల్లో చెమటోడుస్తున్న మా పిల్లలను కాపాడు. మా గోదావరిని నిండుగా, మా ఊరిని శుభ్రంగా, మా పొరుగువారి మనసులను మా పట్ల ప్రసన్నంగా ఉంచు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.